దొరగారు తిన్నారా

ఒక చేపకు తిండి తినిపించబోయి మా అక్క ఇంట్లో పోగొట్టుకున్నవి ముందు చెప్తాను. ఆవకాయ పెట్టుకునే పెద్ద గాజు సీసా ఒకటి. ఎండు రొయ్యలు రుబ్బి రుబ్బి ఇంక దేనికీ పనికిరాకుండా పోయిన మిక్సీ జారు ఒకటి. టీ వడపోసుకునే జల్లెళ్ళు మూడు. చేప ఉమ్మేసిన గింజల డబ్బాలు నాలుగు. పైకొచ్చి పాలు పోసే మనిషి. ఆ వాసనకి కొన్నాళ్ళు మెట్ల దగ్గరే ఆగి, తర్వాత మానేసింది. కింద వాటాలో ఏళ్ళ తరబడి ఉన్న కుటుంబం. మా అక్క జడలో సగం పైన. ఆవిడ మోకాళ్ళు రెండు. ఇప్పుడు మెట్లెక్కితే గోడ పట్టుకుంటుంది. ఆ ఇంట్లో కంచం ముందు కూర్చుని అన్నం తినగలిగే నా శక్తి. దీన్ని చివర రాశాను గాని, అన్నిటికంటే ముందు పోయింది ఇదే.

ఆ చేప మా బావది. అక్క భర్త. పోయిన నెల పోయాడు. కర్మ రోజున వచ్చిన చుట్టాలు ఒకరి తర్వాత ఒకరు "పాపం, సీమక్కూడా హాని సెయ్యని మనిసి" అంటుంటే ఆరుగురి దాకా లెక్కపెట్టి మానేశాను. చీమ సంగతి నాకు తెలియదు. తెలిసింది రాస్తాను.

నేను కోటబొమ్మాళిలో ధాన్యం మిల్లు కాటా దగ్గర బస్తాల లెక్క చూస్తాను. ఆ లెక్క ఎవరూ నేర్పింది కాదు, పక్కన నిలబడి నేర్చుకున్నది. వీలున్నప్పుడల్లా పాసింజరెక్కి విజయనగరం అక్క దగ్గరికి వెళ్ళేదాన్ని. బావ బస్సు డిపోలో టైర్ల పని చేసి రిటైరయ్యాడు. రిటైరైన నెలలోనే స్టేషను దగ్గర కొట్లో ప్లాస్టిక్ కప్పులో పెట్టి అమ్ముతుంటే ఆ చేపను తెచ్చి అక్క ఆవకాయ సీసాలో వేశాడు. ఫైటర్ చేప అంటారు. బొటనవేలంత ఒళ్ళు, దానికి మూడింతల తోక. నీలం మీద ఎరుపు. చూడ్డానికి బాగుంటుంది, కాదనను.

దానికి ఆయన పెట్టిన పేరు దొరగారు. పేరు ఒక్కటే కాదు, మర్యాద మొత్తం పెట్టాడు. పొద్దున్నే లేచి ముఖం కడగకుండా లుంగీ ఎగ్గట్టుకుని సీసా ముందు గొంతుక్కూర్చునేవాడు. "దొరగారు లేసారా? రాత్రి నిద్ర బాగా పట్టిందా అండీ?" అనేవాడు. గొంతు పంచదార పాకం. అదే నోటితో, తల తిప్పకుండానే, "ఒసే, టీ ఏదే? సెవుడా?" అనేవాడు. చేపకు అండీ, పెళ్ళానికి ఒసే. ముప్ఫై ఏళ్ళ కాపురంలో మా అక్కను ఆయన "తిన్నావా" అని అడగ్గా నేను వినలేదు. చేపను మాత్రం పూట పూటకీ అడిగేవాడు.

ఆ చేప తినేది కాదు.

"సూడు మరదలా, సూడు," అని నన్ను సీసా దగ్గరికి పిలిచి ఒక గింజ వేసేవాడు. ఆవగింజంత గింజ. చేప వచ్చి నోట్లోకి తీసుకుని, ఒక క్షణం ఆలోచించినట్టు ఆగి, ఉమ్మేసేది. గింజ అడుక్కి దిగిపోయేది. బావ ముఖం వెలిగిపోయేది.

"సూసావా పౌరుషం! మనం ఏస్తే తినీసే రకం కాదు."

"కొట్టువాడు ఏం చెప్పాడు బావా?"

"పూటకి రెండు గింజలెయ్యమన్నాడు. తినకపోతే ఒగ్గీమన్నాడు, ఆకలేస్తే తింతాదట. ఆడికేటి తెలుసు? కప్పుల్లో ఎట్టి అమ్ముకునీవోడు. దొరగార్ని పస్తులెట్టమంటాడా!"

కొట్టువాడు చెప్పింది అక్కడితో ఆగిపోయింది. నాలుగు రకాల గింజలు అయ్యాయి. ఎండబెట్టిన పురుగుల సీసా అయింది. ఉడికించిన గుడ్డులో పచ్చసొన అయింది. దాంతో నీళ్ళు కుళ్ళి ఇల్లంతా కంపు కొట్టింది. నీళ్ళు మార్చినప్పుడు గళ్ళుప్పు వేసేవాడు. సరిపోయిందో లేదో చూడ్డానికి సీసాలో వేలు ముంచి నాలుక మీద రాసుకుని చప్పరించేవాడు. చేప అందులోనే తిరుగుతుండేది, అందులోనే అన్నీ చేసేది. "ఇంకాస్త పడాల," అనేవాడు కూర రుచి చూసినవాడిలా.

ఆయన కుడిచేతి చిటికెనవేలికి పొడుగాటి గోరుండేది. అన్ని గోళ్ళూ తీసుకుని ఆ ఒక్కటీ పెంచేవాడు. చెవిలో గుమిలి తీసుకోవడానికి అదే, పళ్ళ సందుల్లో ఇరుక్కున్నది లాగడానికి అదే, చేపకు తిండి అందించడానికీ అదే. ఒక మధ్యాహ్నం, అక్క నాకు అన్నం వడ్డిస్తుంటే, ఆయన నా ఎదురుగా కూర్చుని ఎండు రొయ్య నోట్లో వేసుకున్నాడు. తనకోసం అనుకున్నాను. మెత్తగా అయ్యేదాకా నమిలాడు. తర్వాత నాలుక చాపి, నాలుక మీది ముద్దను ఆ గోటితో గీరి తీసి, లేచి వెళ్ళి నీళ్ళలో ముంచాడు.

"దొరగారూ, కాస్త ఎంగిలిపడండి. మెత్తగా సేసానండి. కష్టపడక్కర్లేదు."

చేప వచ్చి వాసన చూసి వెనక్కి తిరిగింది. ముద్ద విడిపోయి నీళ్ళలో తెల్లగా పరుచుకుంది. బావ గోరు లుంగీకి తుడుచుకుని వచ్చి కూర్చున్నాడు. "ఏటి మరదలా, వంకాయ ఏసుకోలేదేటి?" అని అదే చేత్తో గిన్నెలో ముక్క తీసి నా కంచంలో పడేశాడు. ఆ రోజు కంచం పట్టుకుని లేచిపోయినదాన్ని, ఇప్పటికీ ఆ ఇంట్లో టీ తప్ప ముట్టను. టీ కూడా ఏ జల్లెడతో వడపోశారో అడిగి తాగుతాను.

ఆయన గురించి మంచి మాట ఒకటి చెప్పాలంటే, ఆ చేప ఆయన్ని గుర్తుపట్టేది. నేను నిలబడితే మూల నుంచి కదిలేది కాదు. ఆయన వస్తే అద్దానికి ముక్కు ఆనించి తోక ఆడించేది. "డిపోలో ముప్పై ఏళ్ళు సేసాను, ఒక్క నాకొడుకు నేనొస్తే తలెత్తి సూడలేదు," అన్నాడోసారి. పిల్లల్లేని మనిషి, దాన్నే పిల్ల అనుకున్నాడని వాళ్ళ వైపువాళ్ళు అంటారు. అక్కకీ పిల్లల్లేరు. ఆవిడ మాత్రం దేన్నీ నమిలి దేని నోట్లోనూ పెట్టలేదు.

చివరికి చేప తినేదేదో ఆయనే కనిపెట్టాడు. వర్షాకాలంలో మేడ మీద పాత బకెట్టులో నిలిచిన నీళ్ళలో వెంట్రుక ముక్కల్లాంటి పురుగులు ఎగిరెగిరి పడుతుంటే, టీ జల్లెడతో తోడి నాలుగు వేశాడు. చేప ఒక్క గెంతులో నాలుగూ మింగింది. అవి దోమపిల్లలు. బావ ఆ రోజు వీధంతా వినేలా కేక పెట్టాడట.

బకెట్టు చాలదనిపించింది. టైర్ల మనిషి కదా, పడేసిన లారీ టైరులో నీరు చేరితే ఎండదని, ఎటు తిప్పినా కొంత లోపలే ఉండిపోతుందని ఆయనకు తెలుసు. డిపోలో వానాకాలమంతా టైర్లు తిరగేసి ఆ నీళ్ళు కార్పించడమే పనిగా చేసినవాడు. ఆ తెలిసినదాన్ని ఇక్కడ వాడాడు. రెండు పాత టైర్లు రిక్షాలో తెప్పించి, మేడ మీద నీళ్ళ ట్యాంకు వెనక పడుకోబెట్టి, నీళ్ళు పోసి, గుప్పెడు ఎండుటాకులు వేశాడు. దోమలకు అంతకంటే మంచి పురిటిగది ఉండదు.

నేను వెళ్ళిన రోజు శుక్రవారం. మా వైపు శుక్రవారం శుక్రవారం ఆశా కార్యకర్త వీధిలో ఇంటింటికీ వచ్చి తొట్లూ, కుండీలూ, కొబ్బరిచిప్పలూ వంపించి వెళ్తుంది. ఆ అమ్మాయి మా అక్క ఇంటి మెట్ల దగ్గరకొచ్చి, "అమ్మా, మేడ మీద నీళ్ళేమైనా నిల్వున్నాయేటి? ఓసారి సూసొస్తాను," అంది. బావ లోపలి గదిలోంచి అక్క వైపు చూశాడు. ఒక్క చూపు. అక్క గబగబా వెళ్ళి మెట్లకు అడ్డం నిలబడింది.

"ఏటీ లేదమ్మా. మొన్ననే కడిగించాం. మేడ తాళం కూడా కనపడ్లేదు."

"వీధిలో జ్వరాలున్నాయమ్మా, జాగర్త," అని ఆ అమ్మాయి పక్కింటికి వెళ్ళిపోయింది. అక్క వెనక్కి తిరిగినప్పుడు ఆవిడ ముఖం నా వైపు రాలేదు.

తాళం కప్ప చెవితో సహా తలుపుకే వేలాడుతోంది. మేడెక్కాను. ట్యాంకు వెనక టైరు అంచు వంచి చూస్తే నీళ్ళు కనపడలేదు, కదలిక కనపడింది. ఒక గరిటెడు నీళ్ళలో ఎన్నున్నాయో చూసి, టైరంతటికీ అంచనా వేశాను. వందల్లో ఉన్నాయి. బావ వెనకే వచ్చాడు.

"దొరగారు పూటకి ఎన్ని తింటారు బావా?"

"నాలుగు. హుషారుగుంటే అయిదు."

"ఇందులో వందలున్నాయి. మిగతావి ఎక్కడికెళ్తాయి?"

"ఎల్తాయి."

"ఎక్కడికి?"

"ఎక్కడికోగాని ఎల్తాయే! నీకు ప్రతిదానికీ లెక్కే. బతికున్న జీవం ఒకటి నోరు తెరుసుకుని సూస్తంటే నువ్వు లెక్కలు సెప్తావు."

నేను టైరు ఎత్తబోయాను. అక్క ఎప్పుడొచ్చిందో, నా మణికట్టు పట్టుకుంది. "ఒగ్గీయే. నువ్వు రైలెక్కి ఎల్లిపోతావు. సాయంత్రం నేనుండాల," అంది చిన్నగా. దించేశాను.

ఆ నెల దాటకుండా అక్కకు జ్వరం. కింద వాటాలో ఇద్దరికి, ఎదురింట్లో ఒకరికి. ఏ దోమ ఏ టైరులో పుట్టిందో నేను రుజువు చెయ్యలేను. చెయ్యగలనని అనను కూడా. వాళ్ళు ముగ్గురూ ఇంట్లోనే మందులతో తేరుకున్నారు. అక్కను ఆస్పత్రిలో చేర్చారు. డెంగీ అన్నారు. ప్లేట్‌లెట్లు మొదటి రోజు తొంభై వేలు, మర్నాడు యాభై, ఆ మర్నాడు పొద్దున ఇరవై రెండు. అంకెలు దిగడం నేను మిల్లులో చాలా చూశాను. ఆ అంకె దిగుతుంటే మాత్రం కాగితం మడిచి, మళ్ళీ విప్పి చూశాను. అక్క చిగుళ్ళలో రక్తం. దిండు మీద రక్తం.

చేర్చిన దగ్గర్నుంచీ ఆస్పత్రి వరండాలోనే ఉన్న బావ లోపలికి వచ్చాడు. మంచం దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. అక్క ముఖంలోకి వంగాడు. ఇన్నాళ్ళకి ఒక మంచి మాట అంటాడేమోనని నేను కూడా ఎదురుచూశాను.

"ఒసే," అన్నాడు, "మేడ మీద టైరు నీళ్ళు ఎవులేనా వంపీసారా?"

అక్క కళ్ళు తెరవకుండానే తలూపింది, అవునో కాదో తెలియనట్టు.

"నేనే వంపేశాను బావా. నిన్న," అన్నాను. "టైర్లు పాత సామాన్లవాడికి ఇచ్చేశాను. రెండు టైర్లకి వాడి చేతిలో నేనే డబ్బు పెట్టాను, తీసుకుపొమ్మని."

ఆయన ముఖం తెల్లబోయింది. పెళ్ళాం దిండు మీద రక్తం చూసినప్పుడు అలా అవలేదు.

"దొరగారు ఏటి తింటన్నారు మరి?"

"నిన్నటిదాకా ఏమీ తినలేదు."

"పస్తులా! ఎన్నాళ్ళు?"

నిజానికి ఆ పస్తులు నేను చేప మంచికోసం పెట్టలేదు, చేప మీద కక్షతోనూ పెట్టలేదు. ఆయన ఆస్పత్రిలో ఉన్న రాత్రులు ఆ ఇంట్లో పడుకున్నది నేను. ఆ చేపకు ఏమీ వెయ్యాలనిపించలేదు. మూడో రోజు పొద్దున సీసా దాటి వెళ్తుంటే నా వైపు కూడా తిరిగి తోక ఆడించింది. అలమర మీదున్న పాత డబ్బాలోంచి రెండు గింజలు వేశాను. రెండూ తినేసింది. ఉమ్మలేదు. ఇంకా కావాలన్నట్టు చూసింది. మొదటి రోజు కొట్టువాడు చెప్పిన తిండి, కొట్టువాడు చెప్పిన లెక్క, కొట్టువాడు చెప్పిన పద్ధతి. దాని పౌరుషం అంతా మూడు రోజుల ఆకలి. ఇంత సులువైన పనికి మా అక్క ఆస్పత్రిలో పడుకుంది.

అదే బావకు చెప్పాను. "గింజలు తింటోంది బావా. రెండేస్తే రెండూ తింది."

ఆయన నన్ను చూసిన చూపు నాకింకా గుర్తుంది. సంతోషం కాదు. అవమానం. చేపను నేను పాడు చేసినట్టు.

"అది తిండి కాదు, గతిలేక తినడం," అన్నాడు. లేచి ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళిన గంటకే డాక్టరు నాలుగు యూనిట్లు ప్లేట్‌లెట్లు ఎక్కించాలన్నాడు. బ్లడ్ బ్యాంకులో అమ్మాయి మంచిది. "ముందు తీసుకెళ్ళండమ్మా, ప్రాణం ముఖ్యం. తర్వాత నలుగురు వచ్చి రక్తం ఇచ్చి వెళ్ళండి. మీలాంటివాళ్ళే మరొకళ్ళు రేపు వస్తారు కదా," అంది. మాట మీద ఇచ్చేసింది. ముక్కూ మొహం తెలియని నలుగురి రక్తంలోంచి తీసిన పసుపు నీళ్ళు మా అక్క ఒంట్లోకి బొట్టు బొట్టుగా దిగాయి. మర్నాటికి అంకె దిగడం ఆగింది. ఆ మర్నాడు ఎక్కింది.

ఒకటి నేను ఇచ్చాను. మిల్లులో బస్తాలు మోసే అన్నదమ్ములిద్దరు కబురందుకుని వచ్చి రెండు ఇచ్చారు. మా అక్కను వాళ్ళు చూడనైనా లేదు. నాలుగోది బావ ఇస్తానన్నాడు. అప్పటికి ఆయనకు ఏ జబ్బూ లేదు, బరువుంది, వయసుకూ అడ్డు లేదు. నేనే వెంట తీసుకెళ్ళాను. గుమ్మం దాకా వచ్చి, లోపల మంచం మీద పడుకున్న మనిషి చేతినుంచి ఎర్రటి గొట్టం చూసి ముఖం చిట్లించాడు.

"ఛీ. ఒకడి ఒంట్లోది తీసి ఇంకొకడికి ఎక్కించడవేటి. నాకు సూస్తేనే కడుపులో తిప్పుతన్నాది మరదలా."

నాలుక మీది ముద్ద గీరి చేపకు పెట్టినవాడికి కడుపులో తిప్పింది. ఆ మాట అన్నా ఆయనకు అర్థమయ్యేది కాదు.

"శుక్రవారం వస్తాను. కాళీ కడుపుతో ఉన్నాను ఈయేళ," అన్నాడు. ఆస్పత్రి ఎదురుగా హోటల్లో రెండు ప్లేట్ల ఇడ్లీ తిని అప్పుడే వచ్చాడు, డబ్బులిచ్చింది నేను. శుక్రవారం రాలేదు. ఆ తర్వాత నేను అడిగినప్పుడల్లా "ఇస్తాన్లేయే, రక్తం ఎక్కడికి పోతాది, నా ఒంట్లోనే ఉన్నాది కదా," అనేవాడు. ఆ మాట చాలా తెలివైనదని ఆయన ఉద్దేశం. చెప్పాక చిటికెనవేలి గోరు చెవిలో పెట్టుకుని తిప్పుకునేవాడు.

అక్క ఇంటికొచ్చిన పది రోజులకు మెట్ల కింద మరో టైరు కనిపించింది. ఈసారి స్కూటరుది, చిన్నది. గోనెసంచి కప్పి ఉంది. అది చూసిన రోజే కింద వాటావాళ్ళు ఇల్లు ఖాళీ చేశారు. చేప మరో ఏడాది బతికి, ఒళ్ళు ఉబ్బి పోయింది. ఆ రోజు బావ అన్నం తినలేదట. అక్క ఆ సంగతి నాకు ఫోనులో గొప్పగా చెప్పింది. "పాపం, మనసున్నోడే," అంది. నేను ఫోను పెట్టేశాను.

పోయిన నెల ఆయనా నిద్రలోనే పోయాడు. గుండె అన్నారు. ఊరి బయట గెడ్డ ఒడ్డున పిండం పెట్టారు. వాళ్ళ అన్నగారే అన్నీ చేశారు. విస్తరిలో అన్నం, ఆయనకిష్టమైన వంకాయ, గారెలు. అందరం ఎడంగా జరిగి నిలబడ్డాం. ఎదురుగా తాటిచెట్టు మీద కాకులున్నాయి. ఒక్కటి దిగలేదు.

"ఏదో తీరని కోరికుంది," అన్నారు అన్నగారు. "మాటివ్వండి. ఆ మాట ఇంటే కాకై వస్తాడు." ముందు ఆయనే చేతులు జోడించారు. "నీ పెళ్ళాన్ని సూసుకుంటామురా తమ్ముడూ." కాకి రాలేదు. ఎవరో సంవత్సరీకం బాగా చేస్తామన్నారు. రాలేదు. అప్పుడు మా అక్క, పట్టుకోడానికి గోడ లేక నా భుజం పట్టుకుని, రెండడుగులు ముందుకేసింది.

"మళ్ళీ ఒక సేపని తెచ్చి పెంచుతానండి," అంది గట్టిగా. "మీరు సూసుకున్నట్టే సూసుకుంతాను."

నా భుజం మీద ఆవిడ చెయ్యి ఎంత తేలికగా ఉందో చెప్పలేను. కాకి రాలేదు.

ఎండెక్కింది. పంతులుగారు గడియారం చూసుకున్నారు. అన్నగారు నా వైపు తిరిగారు. "మరదలివి, ఆడికి నీతోటి సనువెక్కువ. నువ్వూ ఒక మాట అనమ్మా. ఏదేనా మిగిలిపోయిందేమో నీకు తెలుస్తాది."

తెలుసు. ఆ గెడ్డ ఒడ్డున అది తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. "నీది నేనిచ్చేస్తాను బావా," అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. ఒంట్లో ఓపికుంటే నేను మరో నాలుగుసార్లు ఇస్తాను, అవి నావి. ఆయనది ఆయనదే. నోరు తెరవలేదు. చెట్టు మీది కాకులు అటే చూస్తున్నాయి, మనుషులు నన్ను చూస్తున్నారు. కాసేపటికి పంతులుగారు, "ఇంక నీళ్ళలో ఒదిలీండి," అన్నారు.

నాలుగింట్లో మూడు ఇచ్చాం. ఒక యూనిటు బాకీ.